బస్సు అద్దం మీద చేపలు

వాన పొద్దుల్లో చందాపుర బస్సులో చైత్ర కిటికీ పక్కనే కూర్చుంటుంది. సముద్రంలో చేపల లెక్కలు కట్టడం ఆమె ఉద్యోగం. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో గుట్టలాంటి గీత గీసి, దాని నెత్తిన చుక్క పెట్టి, దాన్నే చూస్తూ టిఫిన్ డబ్బా మూత గోటితో గీకుతుంటుంది. ఒకరోజు పక్కన కూర్చున్న ఆకుకూరలమ్మే అవ్వ పిల్లమ్మ అడిగింది.

"ఏం గుట్ట పాపా అది?"

"చేపల లెక్కవ్వా. ఏటా ఈ చుక్కకు మించి పట్టకుంటే సముద్రంలో చేపలు ఎప్పటికీ తరగవు."

"మళ్లా విత్తనం ఎవురేస్తారు?"

"ఎవురూ ఏయరు. మనం కొన్ని ఇడిస్తే చాలు, అవే నిండుతాయి."

కొత్తిమీర సర్దుతున్న పిల్లమ్మ చేతులు ఆగిపోయాయి. చైత్ర దిగిపోయాక ఆ చోట కూర్చున్నతను అద్దం తుడవబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీప్పా. దాంట్లో చేపలుండాయి."