వెంకటరత్నం గారి జీపుకు ఇంజన్

ఆటోనగర్‌లో మస్తాన్ షెడ్డు ముందు నిలబడి ఉన్నాను. మా జీపు ఇంజన్‌ని గొలుసు కప్పీతో పైకి లేపి పక్కనున్న ఇనపబల్ల మీద పెట్టేశారు. ఇంజన్ ఉండాల్సిన చోట ఇప్పుడు పెద్ద ఖాళీ. మస్తాన్ ఆ ఖాళీలోకి పైపుతో నీళ్ళు కొట్టాడు. సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన నల్లమట్టి నాని, పెళ్ళలుగా ఊడి కింద పడింది. డీజిలు, కాలిన ఆయిలు, వెల్డింగు తప్ప మరో వాసన తగలని ఆ వీధిలో ఉన్నట్టుండి తడిసిన చేను వాసన వచ్చింది. ఉయ్యూరు అవతల కాలవ కట్ట మీద వాన వెలిశాక వచ్చే వాసన అది. పక్కనెవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. ఆ జీపు సొంతదారు, నాకు పని నేర్పిన వెంకటరత్నం గారు పోయి చాలా కాలమైంది.

"బ్లాకు పగిలింది మేడం. ఇంక సిలిండర్లు బోరు చేయించినా లాభం లేదు, వేరే ఇంజన్ ఎక్కించాల్సిందే," అని పోయిన వారమే చెప్పాడు మస్తాన్. ఆ రోజే షెడ్డులోకి తీసుకెళ్ళి రెండు ఇంజన్లు చూపించాడు. ఒకటి, యాక్సిడెంటులో నుజ్జయిపోయిన పెద్ద కారులోంచి తీసిన టర్బో ఇంజన్. తుడిచి పెట్టినట్టు శుభ్రంగా ఉంది. రెండోది, తుక్కుకి వచ్చిన ఒక జీపులోది. మా పాత ఇంజన్‌కి తోబుట్టువే. శబ్దం ఎక్కువ, వేగం తక్కువ, దాన్ని విప్పి మళ్ళీ కట్టాలి. ఏదెక్కించినా ఆర్‌సీలో ఇంజన్ నంబరు మార్పించుకునే తిరుగుడు ఎలాగూ తప్పదు. మూడో దారి కూడా ఒకటుంది. అది మస్తాన్ చెప్పింది కాదు, మా ఆయన చెప్పింది. "ఆ బండి అమ్మేసి ఆఫీసులో కూర్చోవే. నీ మోకాళ్ళు నీకేం చెప్పట్లేదా?" అని ఆదివారం చర్చి నుంచి వస్తూ అడిగాడు. చెబుతూనే ఉన్నాయి. వినే తీరికే నాకు లేదు.

నాది మట్టి పరీక్షల పని. బడో, ఇల్లో, అపార్ట్‌మెంటో కట్టబోయే చోట భూమిలోకి బోరు దింపి, కింద ఏ పొర ఎంత బరువు మోస్తుందో చూసి, రిపోర్టు రాసి సంతకం పెట్టాలి. మన డెల్టాలో ఆ చోట్లు ఎప్పుడూ తారు రోడ్డు పక్కనే ఉండవు. బోరు సామాను వెనక తగిలించుకుని, కాలవ కట్టల మీదుగా, చేలగట్ల మీదుగా, నాలుగు చక్రాలూ లాగే బండిలో పోవాలి. ఈమధ్య చాలామంది పోవడం మానేశారు. పక్క స్థలానికి ఎప్పుడో ఇచ్చిన రిపోర్టు ముందు పెట్టుకుని, అంకెలు కాస్త అటూ ఇటూ చేసి ఏసీ గదిలోనే సంతకం పెడుతున్నారు. నన్ను నేను ఎరుగుదును. జీపు లేకపోతే ఈ మోకాళ్ళతో, ఈ విసుగుతో నేనూ వాళ్ళలో కలవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఇంజన్ ఎక్కించడమా మానడమా అన్న ప్రశ్న నాకు అంత దూరం వెళ్తుంది.

వెంకటరత్నం గారి ఆఫీసు వన్ టౌన్‌లో, మోకులూ గొలుసులూ అమ్మే కొట్టు పైన రెండు గదులు. కింద తోపుడుబళ్ళ వాళ్ళు దారి కోసం అరుచుకుంటూ ఉంటే, పైన ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మట్టి ముద్దల్ని వేళ్ళతో నలిపి చూస్తుండేవారు. సన్నటి మనిషి. ఎప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టో, ఇప్పుడే పడుకోబోతున్నట్టో ఉండేవారు. డిప్లొమా చేతపట్టుకుని నేను ఉద్యోగానికి వెళ్ళిన రోజు సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఒక నల్లటి ముద్ద నా చేతిలో పెట్టారు.

"ఇదేంటమ్మా?"

"బంకమట్టి అండీ."

"పుస్తకంలో చదివావా?"

"లేదండీ. మా నాన్న ఉయ్యూరులో చెరుకు కొట్టే పనికి వెళ్తారు. అన్నం పట్టుకెళ్ళినప్పుడల్లా ఇదే కాళ్ళకి అంటుకునేది."

ఆయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి నన్ను చూశారు. "రేపొచ్చేటప్పుడు పాత చెప్పులేసుకుని రా," అన్నారు. నా ఇంటర్వ్యూ అంతే. అప్పటిదాకా వెళ్ళిన ప్రతి చోటా మా నాన్న ఏం చేస్తారని అడిగి, చెప్పాక ఒక్క క్షణం ఆగేవాళ్ళు. ఈయన ఆగలేదు. ఆ ఒక్కదానికే ఆయన దగ్గర ఉండిపోవాలనిపించింది.

చేరిన మొదటి వానాకాలంలోనే నాకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. నేను అడగలేదు. డ్రైవరు రాని రోజున తాళాలు నా ఒళ్ళో పడేసి తాను పక్క సీట్లో కూర్చున్నారు. ఒక పక్క నిండుగా పారుతున్న కాలవ, ఇంకో పక్క పల్లంలో చెరుకు తోట, మధ్యలో జారుడు కట్ట. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని అడిగాను.

"కాలవలో పడితే ఏం చెయ్యాలండీ?"

"ఈదు."

"నాకు ఈత రాదండీ."

"అయితే పడమాక."

కాస్త దూరం పోయాక చక్రాలు బురదలో కూరుకున్నాయి. కంగారులో నేను యాక్సిలరేటర్ బలంగా తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగి, బురద మా ఇద్దరి మొహాల మీదా పడింది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. ఆయన మొహం తుడుచుకోకుండానే చెప్పారు. "తొక్కమాక. తొక్కేకొద్దీ దిగుద్ది. చిన్న గేరేసి కాలు తీసెయ్. దానంతటది పాకుద్ది, నువ్వు అడ్డం రాకుండా ఉంటే." కాలు తీశాను. ఇంజన్ ముసలాయన దగ్గినట్టు దగ్గుతూ, తొందరేమీ లేనట్టు, జానెడు జానెడు పాకి గట్టెక్కింది. ఆ రోజు నాకు కలిగినంత గర్వం మళ్ళీ కలగలేదు. ఆయన మాత్రం అప్పటికే కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నారు.

ఆయన సంగతి చెప్పాలంటే గుడివాడ దారిలో కట్టిన కల్యాణమండపం గురించి చెప్పాలి. దాని ఆసామి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, "పక్క స్థలానికి మీరే రిపోర్టిచ్చారు కదండీ. అదే దీనికీ రాసేయండి. మధ్యలో ఉన్నది కంచేగా," అన్నాడు. వెంకటరత్నం గారు తలెత్తకుండానే, "మీ పక్కింటాయన రక్తపరీక్ష కాయితం చూసి మీరు మందులేసుకుంటారా?" అన్నారు. ఆసామి నవ్వేసి బోరు వేసుకోమన్నాడు. మూడు మూలలా భూమి బాగానే ఉంది. నాలుగో మూల, సుత్తితో కొట్టి దింపాల్సిన రాడ్డు దెబ్బ పడకముందే తనంతట తాను కిందికి జారిపోయింది. బయటికి తీస్తే నీసు వాసన వేసే బురద. ఎప్పటిదో చేపల చెరువును పూడ్చి, పైన మట్టి పోసి, ప్లాటుగా అమ్మేశారు. "చూశారా" అని ఆసామితో గట్టిగా అంటారనుకుని నేను ఎదురుచూశాను. ఆయన జీపు ఫుట్‌బోర్డు మీద కూలబడి, "ఇంకో రెండు చోట్ల వేయాల. ముందు పనోళ్ళకి అన్నాలు పెట్టించు," అన్నారు. పునాది లోతుగా దింపాలని ఉన్నదున్నట్టు రాసిచ్చారు. ఆసామికి అది నచ్చలేదు. తనకి కావలసినట్టు రాసిచ్చే మనిషిని వెతుక్కుని, మండపం కట్టేసుకున్నాడు.

అది బీటలిచ్చి ఉంటుందని మీరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అలా జరగలేదు. ఆ మండపం ఇవాళ్టికీ నిక్షేపంగా ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా నేను జీపులోంచి మెడ సాచి చూసేదాన్ని. ఒకసారి ఆయన పట్టుకున్నారు.

"ఏం వెతుకుతన్నావ్?"

"బీటలండీ."

"ఉన్నయ్యా?"

"లేవండీ."

"మంచిదేగా. లోపల పెళ్ళిళ్ళు జరుగుతన్నాయ్. కూలిపోతే మనకి సంతోషమా?"

నాకు ఒళ్ళు మండింది. "మరి మనం చెప్పింది తప్పా అండీ?" అన్నాను. "మనం చెప్పింది అక్కడున్నది. నిలబడింది వాళ్ళ అదృష్టం. రెండూ నిజమే," అన్నారు. చాలా రోజులు ఆ మాట నాకు మింగుడుపడలేదు. మంచి చేస్తే మంచే జరుగుతుందని చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పిన లెక్క నాది. నిజం చెప్పి, పని పోగొట్టుకుని, చెప్పిన నిజం రుజువు కూడా కాకపోతే ఇంక మనిషి దేన్ని చూసుకుని మర్నాడు లేవాలో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన మర్నాడు లేచి, పాత చెప్పులేసుకుని, ఇంకో ఊరికి బయల్దేరేవారు.

కాళ్ళు వాచి ఆయన సైట్లకి రావడం మానేశాక జీపు పొగ కక్కడం మొదలుపెట్టింది. అప్పుడూ ఇదే ఆటోనగర్‌కి తెచ్చాం. ఎలాగూ విప్పుతున్నారు, ఇంకా బలమైన ఇంజన్ పెట్టించుకోమని అందరూ చెప్పారు. "దాని బలం సరే. దాని వెనకున్న గేర్ బాక్సు మోసుద్దా? కిందున్న యాక్సిలు మోసుద్దా?" అని అడిగారాయన. భూమిలోకి చూసీ చూసీ ఈయనకి అన్నిట్లోనూ అదే పిచ్చి పట్టిందని నాలో నేను నవ్వుకున్నాను. పాత ఇంజన్‌నే బోరు చేయించి, పిస్టన్లు మార్పించి, మళ్ళీ కట్టించారు. ఆ ఖర్చు నాకు ప్రాణం మీదికొచ్చినట్టనిపించింది. "మీరింక సైటుకి రావటం లేదు కదండీ. ఎవరికోసం ఇదంతా?" అన్నాను. ఆయన విసుగ్గా నా వైపు చూసి, "నీకు డ్రైవింగ్ వచ్చుగా," అన్నారు. ఆఫీసు నాకు అప్పగించడం అంటే అదే. అంతకు మించి ఒక్క మాట కూడా మా మధ్య జరగలేదు.

చివరిసారి ఆయన్ని చూసింది ఉయ్యూరులో, వాళ్ళింట్లో. చెరుకు క్రషింగ్ జరిగే రోజులు. కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన గదినిండా ఉంది. నేను సైటు నుంచి నేరుగా వెళ్ళాను. ఆ రోజు ప్రతిదీ అడ్డం తిరిగింది, ఏడుపొక్కటే తక్కువ. ఆయన నా కాళ్ళ మట్టి చూసి, "పామర్రు వైపా?" అన్నారు. అవునన్నాను. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను. "మీకెప్పుడూ విసుగు రాలేదా అండీ, ఈ పని మీద?"

"రాని రోజేదమ్మా?" అన్నారు. కాసేపు దగ్గి, "విసుగొచ్చిందని మట్టి మారదుగా," అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అది బాధ కాదు, నా గుండె మీద బరువేదో దిగిపోయింది. ఆయనకి ఈ పనంటే ప్రాణమనీ, నాకు ఆ ప్రేమ లేదు కాబట్టే అలసిపోతున్నాననీ, నాలోనే ఏదో లోటుందనీ ఏళ్ళ తరబడి నమ్ముతూ వచ్చాను. ఆయనా నాలాగే ఈసురోమంటూ లేచి వెళ్ళిన మనిషేనని ఆ రోజు తెలిసింది.

నిన్న మస్తాన్ నన్ను టర్బో ఎక్కించిన వేరే జీపులో గన్నవరం రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చాడు. అది ఎగిరింది, అంతే. ఏసీ చల్లగా కొడుతోంది, పక్క మనిషి మాట్లాడితే వినబడుతోంది. నాకెందుకు ఉండకూడదు ఇలాంటిది అనిపించింది. గట్టిగానే అనిపించింది. ఎయిర్‌పోర్టు దాటాక అడిగాను, "దీన్ని ఎప్పుడైనా బురదలో దింపారా?" అని. మస్తాన్ అబద్ధమాడే రకం కాదు. "ఎందుకు దింపుతారు మేడం, ఇది షోకు బండి. మీ జీపుకి పెట్టాలంటే గేర్ బాక్సు కూడా మార్చాల. వైరింగంతా ఎత్తులో కట్టాల. ఎక్కడన్నా తడి తగిలి ఆగిందంటే, కంప్యూటర్ పట్టుకుని మేమే రావాల," అన్నాడు. చెరుకు తోట మధ్యలో ఆగిన జీపూ, దాని కోసం ఆటోనగర్ నుంచి రావాల్సిన కంప్యూటరూ కళ్ళ ముందు కనబడ్డాయి. అయినా ఇవాళ పొద్దున షెడ్డుకి వచ్చేదాకా ఏదీ తేల్చుకోలేదు. మా ఆయన చెప్పిన మూడో దారే అన్నిటికన్నా తేలిగ్గా కనిపిస్తూ వచ్చింది.

నీళ్ళు కొట్టడం ఆపి, "ఏది ఎక్కించమంటారు మేడం?" అని మస్తాన్ అడుగుతుండగా ఫోన్ మోగింది. కంకిపాడు అవతల అపార్ట్‌మెంటు మొదలుపెడుతున్న ఒకాయన. "మేడం, మీ బండి షెడ్డులో ఉందంటగా. పర్లేదు, మీరు రానక్కర్లా. పక్క సైటు రిపోర్టు పంపిస్తా, చూసి సంతకం పెట్టేయండి. ఈ ఎండలో తిరుగుడు మీకూ తప్పుద్ది," అన్నాడు. ఆ చివరి మాట నిజంగా నా మంచికే అన్నాడు. ఎండ మాడ్చేస్తోంది, మోకాళ్ళు లాగుతున్నాయి, 'సరే పంపండి' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"బండి రానీండి. నేనే వచ్చి చూస్తాను," అన్నాను.

"అన్నాళ్ళు ఆగలేమండీ. వేరేవాళ్ళున్నారు."

"ఉంటారండీ," అన్నాను. ఆయన పెట్టేశాడు.

"రెండోది ఎక్కించు మస్తాన్. విప్పి, మంచిగా కట్టు," అని చెప్పి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. లేచి నిలబడే ఓపిక లేదు. వెంకటరత్నం గారి వెటకారం నాకు అబ్బలేదు, నెమ్మది అబ్బలేదు. విసుగు మాత్రం ఆయనకున్నదానికి తగ్గకుండా వచ్చింది. ఆ కంకిపాడు బిల్డింగు కూడా రేపు కట్టేస్తారు, జనం దిగుతారు, బాల్కనీల్లో బట్టలు ఆరేసుకుంటారు. అది నిలబడాలనే నేను కోరుకుంటాను. నా పేరు లేకుండా నిలబడుతుంది. నేను చూడని మట్టికి సంతకం పెట్టాలంటే, ఎంత అలసిపోయినా సరే, నాకు చెయ్యి రాదు.