కొండకి బదిలీ అయిన పొద్దున

గాలి కబుర్లు చెప్పి జీతం తీసుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఎనభైల మొదట్లో విశాఖపట్నం విమానాశ్రయంలో వాతావరణ పరిశీలకుడిగా పనిచేశాను. ఏ ఎత్తులో గాలి ఎటునుంచి ఎంత జోరుగా వీస్తోందో చెప్పడమే ఉద్యోగం. ఇంట్లో మాత్రం గొడుగు తీసుకెళ్లాలా వద్దా అని మా ఆవిడ ఒక్కనాడూ నన్నడగలేదు. ఎదురింటి పెద్దావిడ మోకాళ్లనే అడిగేది.

పెద్ద విమానాల వాళ్లకి కాగితాలు పంపిస్తే సరిపోయేది. చిన్న విమానాల వాళ్లు మాత్రం మా గదికి వచ్చి, బల్ల ముందు కూర్చుని, విని, సంతకం పెట్టి వెళ్లాలి. మా అధికారి తయారుచేసిన కాగితాన్ని వాళ్లకి విడమరిచి చెప్పే పని నాది. దారిలో మబ్బు ఎంత కిందికుంది, ఎంత దూరం కనిపిస్తుంది, దిగబోయే ఊళ్లో ఎలా ఉంది, మధ్యాహ్నానికి ఏమవుతుంది. టెలిప్రింటర్ ఇంగ్లీషులో వాగిందంతా నేను తెలుగులో వాగేవాణ్ణి.

అలా వచ్చేవాళ్లలో ఒకాయన ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల వర్క్‌షాపు నడిపేవాడు. ఫ్లైయింగ్ క్లబ్బులో చేరి, ప్రైవేటు పైలట్ లైసెన్సు కోసం నేర్చుకుంటున్నాడు. గోళ్లలో గ్రీజు, జేబులో మడతపెట్టిన మ్యాపు. నన్ను బావా అనేవాడు. మాకు చుట్టరికం లేదు. మా వైపు బావా అనడానికి చుట్టరికం ఉండాలన్న రూలూ లేదు. నేను చెప్పిందంతా విని, సంతకం పెట్టేముందు ఒకే ప్రశ్న వేసేవాడు.

"బావా, సూసి రాసేవా, రాసి సూసేవా?"

"చూసే రాశాను, పెట్టవయ్యా సంతకం" అనేవాణ్ణి, కాస్త గర్వంగానే. ఎంత దూరం కనిపిస్తోందో కొలిచే యంత్రం మాకు లేదు. ఆ యంత్రం నా కళ్లే. మేడ మీద గోడకి ఒక పటం అంటించి ఉండేది. హార్బరు క్రేన్లు, లైట్‌హౌసు, సింహాచలం కొండ, నైరుతి వైపు బాగా దూరంగా ఒక ఒంటికొండ, ఒక్కొక్కటీ ఎంత దూరమో అందులో రాసుండేది. ఏది కనిపిస్తే దానికి టిక్కు. చూసీ చూసీ అవన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. కంఠతా వచ్చినవాడు పుస్తకం తెరవడు కదా.

చలికాలం ఒక పొద్దున ఆయన వచ్చాడు. ఆ రోజు ఒంటరిగా రాజమండ్రి వెళ్లి రావాలి. లైసెన్సుకి అదొక్కటే మిగిలింది. పక్కన నేర్పేవాడు ఉండడు. కింద రోడ్డు, రైలు పట్టాలు, కొండలు చూసుకుంటూ దారి పట్టాలి. అవి కనిపించకుండా పోతే, మబ్బులో ఏ కొండనో కొట్టుకోవడమే. నేను యథాప్రకారం అంతా అప్పజెప్పాను. నైరుతి కొండ కనిపిస్తోంది, నీ దారి బాగుంది అన్నాను.

"స్టీల్‌ప్లాంటు క్రేన్లు కనపడ్డాయేటి?" అన్నాడు.

అప్పటికి ఆ వైపు స్టీల్‌ప్లాంటు కడుతున్నారు. మా పటం అంతకుముందెప్పటిదో.

"అవి మా లిస్టులో లేవు."

"ఓహో! మీ లిస్టులో లేకపోతే ఆకాశంలో కూడా లేనట్టేనేటి?" అని నవ్వి, "సరే, నాను ఎల్తన్నాను" అంటూ సంతకం గీకి వెళ్లిపోయాడు.

టీ తాగుతూ కూర్చున్నాను గాని, ఆ క్రేన్లు బుర్రలోంచి దిగలేదు. మేడెక్కి చూశాను. క్రేన్లు లేవు. కొండ ఉన్న దిక్కులోనే, దానికంటే ఎంతో దగ్గరగా ఉంటాయవి. దగ్గరివి కనిపించకుండా వాటి వెనకాల కొండ ఎలా కనిపించింది? మళ్లీ చూశాను. కొండ ఉంది. కాకపోతే ఇందాక రేడియో స్తంభానికి కుడివైపున్నది ఇప్పుడు ఎడమవైపుంది.

కొండలు నడవవు. నేను టిక్కు పెట్టింది మబ్బుకి. కొండ ఆకారంలో నేలబారుగా కూర్చున్న మబ్బుని చూసి, నా కళ్లు పాత పాఠం అప్పజెప్పేశాయి.

రన్‌వే చివర ఇంజను చప్పుడు వినిపిస్తోంది. మెట్లు రెండేసి దిగి టవరుకి ఫోను చేశాను.

"క్లబ్బు విమానాన్ని ఆపండి!"

"ఏమని చెప్పి ఆపమంటారు?" అన్నాడు అటుపక్క మనిషి.

వాతావరణం ఇప్పుడే మారింది అంటే చాలు. మబ్బు వచ్చి సాక్ష్యం చెప్పదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే, ఇప్పుడే కదా మారింది, ముందుకెళ్తే బాగుంటుందేమో అని వర్క్‌షాపాయన బయల్దేరినా బయల్దేరతాడు.

"నేను తప్పు రాశానని, కొండనుకున్నది కదిలిపోయిందని చెప్పండి. ఆ కాగితాన్ని నమ్మి ఎగరొద్దని చెప్పండి."

ఇంజను చప్పుడు తగ్గింది. కాసేపటికి ఆయన మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కొండ కదిలిపోయిందంట? మీ ఆఫీసులో కొండలకి కూడా ట్రాన్స్‌ఫర్లుంటాయేటి బావా?"

"అది మబ్బు. చూశాననుకుని రాసేశాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. ఆ ఒంటికొండ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

"దీని పక్కనించే మలుపు తిప్పుదావనుకున్నాను" అన్నాడు.

ఆ పెన్సిల్ సున్నాకంటే పెద్ద మెమో ఏ అధికారీ నాకివ్వలేదు.

"రా, పైకెల్దారి" అన్నాడు మ్యాపు మడుస్తూ.

మేడ మీద రెండు గంటలు నిలబడ్డాం. మూడు టీలు అయ్యాయి. ముందు ఒక క్రేను, దాని పక్కన ఇంకోటి, ఆ తర్వాత చాలాసేపటికి, నీలంగా, తన చోట తను, అసలు కొండ.

"ఇప్పుడు రాయి" అన్నాడు.

పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన తప్పుగా చూశాను అని రాసి సంతకం పెట్టాను. కొత్తది రాసిచ్చాను. గోడ మీద పటంలో స్టీల్‌ప్లాంటు క్రేన్లని పెన్సిల్‌తో చేర్చాను. సర్కారు పటం మీద పిచ్చిగీతలేమిటని మా అధికారి కేకలేశారు. సంగతంతా చెప్పాక, ఆయనే పెన్ను తీసి వాటిని దిద్దారు.

సాయంత్రం విమానం దిగిన చప్పుడు విని మేడెక్కాను. అవసరం లేకపోయినా ఎక్కాను. వర్క్‌షాపాయన ఎండకి కమిలిన మొహంతో నేరుగా మా గదికే వచ్చాడు.

"రాజమండ్రిలో కూడా అడిగేను బావా, సూసి రాసేరా అని. ఆల్లకి కోపం వొచ్చీసింది."

లైసెన్సు వచ్చాక కూడా ఆయన ఆ ప్రశ్న మానలేదు. నేనే జవాబు మార్చాను. గదికి ఏ పైలట్ వచ్చినా కుర్చీ చూపించే ముందు మెట్లు చూపించేవాణ్ణి. ఇద్దరం చూశాకే రాసేవాణ్ణి. ఆ తర్వాత నేను చెప్పిన గాలి కబుర్లలో ఒక్కదానికీ నా గొంతు తడబడలేదు.