ఇస్తారి చెప్పిన బ్రేకర్

ఇస్తారి తాతతండ్రులు చింతమడకలో కల్లు కోసం తాటిచెట్లెక్కినవాళ్లు. ఇస్తారి మాత్రం కరెంటు స్తంభాలెక్కాడు. అయిదో తరగతి దాకా బడిలో, మిగతా చదువు స్తంభాల మీద చదివి, చివరికి మిరుదొడ్డి పోయే దారిలో ప్రమీలాదేవి రైస్ మిల్లులో కరెంటు మనిషిగా కుదురుకున్నాడు. ఇరవై రెండేళ్లయింది. ఏ మోటారు దగ్గినా అది జలుబో జ్వరమో చెప్పేస్తాడని పేరు.

ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మిల్లుకు పదకొండు వేల వోల్టుల కరెంటు వచ్చే గదిలో బ్రేకర్ ఉంది. తేడా వస్తే కరెంటును టక్కున తెంచే ఇనుప పెట్టె అది. తెంచేటప్పుడు లోపల నిప్పు లేస్తుంది. దాన్ని ఆర్పడానికి గ్యాస్ నింపి ఉంటుంది. గ్యాస్ ఎంతుందో చూపే గుండ్రటి మీటరు ముందువైపు ఉంటుంది. ముల్లు పచ్చలో ఉంటే క్షేమం. ఎర్రలోకి పోతే పని బందు. యాసంగి పంట వడ్లు కుప్పలు పడ్డ సోమవారం పొద్దున బ్రేకర్ మొండికేసింది. రెండు రోజులు మిల్లు మూగబోయింది.

ఎందుకో ఇస్తారికీ, భార్య సిద్ధమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

దసరా నాడు ప్రమీలాదేవి ప్రతి యంత్రానికీ బొట్టు పెడుతుంది. పోయిన దసరాకు బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి ఆ గుండ్రటి అద్దం ఆమెకు ముఖంలా కనిపించినట్టుంది. అరచేతి వెడల్పున పసుపు, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ. ముల్లు మాయం. అది పూజ బొట్టు, పైగా యజమానురాలు పెట్టింది. తుడవడానికి ఇస్తారికి చెయ్యి రాలేదు. అదే రాలిపోతుందిలే అనుకున్నాడు. నూనె కలిపిన పసుపు, ఎందుకు రాలుతుంది? ఏడు నెలలు రోజూ బొట్టుకు దండం పెట్టి, మీటరు లెక్కల పుస్తకంలో "ముల్లు పచ్చ" అని రాస్తూ వచ్చాడు. సోమవారం ఎవరూ లేనప్పుడు తువ్వాలతో తుడిచి చూస్తే, ముల్లు ఎర్రలో హాయిగా పడుకుని ఉంది.

బుధవారం పొద్దున సిద్ధమ్మ చాయ్ గ్లాసు చేతికిస్తూ అంది. "చెప్పెయ్."

"ఏమని? అమ్మా, మీ బొట్టే మీ మిల్లును ఆపిందనా?"

"నీ రాత ఆపిందని చెప్పు."

"పని పోతదే."

"పోతె పోతది. మూడు దినాలసంది నువ్వు తింటలేవు, నన్ను తిననిస్తలేవు."

మిల్లుకు పోయేసరికి బ్రేకర్లమ్మే కంపెనీ ఇంజినీరు నరహరి వచ్చి కూర్చున్నాడు.

"పాతదాన్ల గ్యాస్ నింపినా నిలువది. కొత్తయి రెండు రకాలున్నయమ్మా," అంటున్నాడు ప్రమీలాదేవితో. "ఒకటి ఇప్పటి లెక్క గ్యాస్‌ది. రెండోది వ్యాక్యూమ్. గాలంతా తీసేసిన సీసల కరెంటు తెగుతది. లోపల ఏమీ లేకుంటే నిప్పు దేన్ని పట్టుకొని నిలబడ్తది? గాని గ్యాస్‌దైతే ముల్లు సూస్తె చాలు. సీసల గాలి దూరిందా లేదా కంటికి తెల్వది. ఏడాదికోపారి మిషన్ తెచ్చి పరీక్ష చెయ్యాలె."

"అయితే గ్యాస్‌దే పెట్టున్రి," అంది ప్రమీలాదేవి. "మా ఇస్తారి ముల్లు సూడని దినం లేదు. కావాల్నంటె పుస్తకం సూడున్రి."

నరహరి పుస్తకం తిప్పాడు. "పచ్చ. పచ్చ. పచ్చ. ఆదివారం సుత పచ్చ. సోమవారానికి ఎర్రగయిందా? గ్యాస్ గట్ల పోదమ్మా, మెల్లగ కారుతది."

ఇస్తారికి భయం సోడాలా పొంగి నవ్వై పైకొచ్చింది. పెదవులు బిగబట్టాడు. నోరు ఆగలేదు.

"అమ్మా, గ్యాస్‌ది వద్దు. దసరా సంది నేను ముల్లు సూడలే. బొట్టు సూసిన."

"ఏం బొట్టు?"

"మీరు పెట్టిందే. అద్దం మీద."

నరహరి పుస్తకంలో తల దూర్చేశాడు.

"గంత పెద్దగ పెట్టిన్నా?" అంది ప్రమీలాదేవి.

"పెండ్లిపిల్ల లెక్కనే ఉండెనమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. నరహరి దగ్గు నవ్వయిపోయింది. ముగ్గురూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. ముందు ఆగింది ఆమే.

"నవ్వుతున్న గని ఇస్తారి, ఏడు నెలలు అబద్ధం రాసినవ్."

"రాసిన."

"మల్ల ఏ బ్రేకరో నువ్వే చెప్తవా?"

"చెప్తనమ్మా. సీజన్ల మనం దినాం నాలుగైదుసార్లు ఆపుతం, ఏస్తం. వ్యాక్యూమ్‌ది ఎన్నిసార్లయినా తట్టుకుంటది. నింపుడు లేదు, కారుడు లేదు. సూసిన అని నేను రాస్తె నమ్మే పని అసలే లేదు. మిషనే చెప్తది."

"నిజమేనమ్మా," అన్నాడు నరహరి. "కారిన గ్యాస్ వేల ఏండ్లు గాలిలనే ఉండి ఎండల్ని పెంచుతది సుత. గాని వ్యాక్యూమ్‌ది తెంచేటప్పుడు మోటార్లకు గట్టి ఝట్కా తగలొచ్చు. ఆ ఝట్కాను మింగే అరెస్టర్లు అడ్డం పెట్టుకోవాలె."

"పెట్టున్రి," అంది ఆమె. పుస్తకం మూసి తన వైపు లాక్కుంది.

సాయంత్రం ఇస్తారి గాలిలో తేలుతున్నట్టు ఇల్లు చేరాడు. సిద్ధమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"పనున్నదా, పోయిందా?"

"ఉన్నది. పరీక్ష నాడు నేను దగ్గరుండాలెనంట. గాని నా చేతికి పెన్ను ఇయ్యొద్దని ఆర్డరు."

"అయ్యో, బెజ్జంకికి ఫోన్ చెయ్యాలె. పని పోతదనుకొని, నువ్వు కాసెతందుకు మేకలు సూడుమని మా అన్నకు చెప్పిన."

"ఎన్ని?"

"పన్నెండు."

ఇస్తారి చెప్పులు విడిచి, మూడు రోజుల ఆకలితో పీట మీద కూర్చున్నాడు. "ముందు అన్నం పెట్టు. తర్వాత మీ అన్నకూ, మేకలకూ నేనే చెప్త, రావొద్దని."