మర్జూక్ బాబా తంతి

మర్జూక్ బాబా తన మూడు తంతుల గుంబ్రీ వాయించిన సమయం కన్నా దాన్ని శృతి చేసిన సమయమే ఎక్కువ. నల్లజాతి తాతముత్తాతలు ఎడారి దాటించి తెచ్చిన, జిన్నులను శాంతపరిచే స్తంబాలీ పాటకు ట్యూనిస్ పాతబస్తీలో మేళాలు చాలానే ఉన్నా, ఈ ఘనత మాత్రం ఆయనొక్కడిదే. పాట మాంచి ఊపులో ఉంటుంది. ఇనుప చిడతలు చెవులు గింగిర్లెత్తిస్తుంటాయి. పూనకం వచ్చిన మనిషి గిర్రున తిరుగుతుంటుంది. సరిగ్గా అప్పుడే బాబా చెయ్యెత్తేస్తాడు.

"ఆగండ్రా. తంతి సడలింది."

ఇక తంతి బిగిస్తాడు, వదులు చేస్తాడు. గుంబ్రీ తోలు చల్లబడింది, కాచాలి, కుంపటి తెమ్మంటాడు. తెస్తే బొగ్గులు బాగాలేవంటాడు. ఈలోగా అందరూ టీ కాచుకుని తాగేస్తారు కూడా.

"తొందరగా కానివ్వండి బాబా, మీ గుంబ్రీకి పెళ్లీడు వచ్చేలా ఉంది," అనేవాడు పదిహేనేళ్లుగా పక్కన చిడతలు వాయిస్తున్న హమ్మాదీ.

"ముందు నీ చెవులు తోముకోరా."

ఒకసారి రొట్టెల కొట్టు వాళ్లింట్లో ఒకే పాటకు ఆరుసార్లు శృతి చేశాడు. "మా ఇంట్లో జిన్ను విసుగెత్తి తనే వెళ్లిపోయింది," అంది ఇంటావిడ. బాబా దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఈ ఏడు మాత్రం హమ్మాదీకి నవ్వు రాలేదు. డెబ్బై దాటిన వాళ్లమ్మ ఖమీసాకు ఏడాదికోసారి దర్గాలో అక్కడి పీరు సీదీ పాటకు ఆడడమే మందూ మాకూ. పాట ముగిసేలోపు ఆడే మనిషి తప్పుకోకూడదు. తప్పుకుంటే ఆ ఏడంతా సీదీ అలిగినట్టే. అమ్మ పాట ఒక్కసారైనా తెగకుండా సాగాలని వాడి కోరిక.

"ఈసారి గుంబ్రీ నాకివ్వండి బాబా."

బాబా కాసేపు తోలు నిమిరాడు. "తీసుకో. కళ్లు మూసుకుని మాత్రం వాయించకు."

దర్గా ముంగిట్లో హమ్మాదీ కళ్లు మూసుకునే వాయించాడు. అంత బాగా ఎన్నడూ వాయించలేదు. పాట నెమ్మదిగా మొదలై పరుగందుకుంది. ఇంతలో బాబా తన చేతిలోని చిడతలు ఠక్కున ఆపేశాడు.

"తంతి సడలింది."

హమ్మాదీకి ఒళ్లు మండింది. మీటి చూశాడు. మూడు తంతులూ సరిగ్గానే ఉన్నాయి. "ఎక్కడ సడలింది బాబా?"

"అటు చూడు."

అమ్మ ఆడిన చోటే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెదాలు పాలిపోయాయి. ఎవరో నీళ్లిస్తే గుక్కగుక్కకూ ఆగి తాగుతోంది. అయితే మిగతావాళ్లెవరూ ఆమెను చూడడం లేదు, అందరి విసుగూ బాబా మీదే. "మొదలెట్టాడమ్మా ముసలాయన," అంటోంది ఒకావిడ.

రొట్టెల కొట్టు వాళ్లింట్లో ఆ రోజు ఆడింది ఉబ్బసం ఉన్న అత్తగారని హమ్మాదీకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తిట్లన్నీ నవ్వుతూ మోసిన ఆ ముసలాయన మీద వాడికి పట్టరానంత ప్రేమ కలిగింది. తంతి వదులు చేశాడు. బిగించాడు. చెవి ఆనించి తల అడ్డంగా ఊపాడు.

"కుంపటి తెండి. తోలు చల్లబడింది," అన్నాడు, మండుటెండలో.

"వీడికీ అంటుకుందే ఈ రోగం," అంది ఖమీసా, ఇంకో గుక్క నీళ్లు తాగి.

"బొగ్గులు కూడా చూసుకోరా," అన్నాడు బాబా.

ఆ మధ్యాహ్నం తంతి ఇంకో నాలుగుసార్లు సడలింది. ఖమీసా పాట ముగిసేదాకా ఆడింది.