ఒట్టేసి అమ్మిన కారు

మా నాయన ఆ పాత కారును కొన్నది ఒట్టును నమ్మి. దాన్ని అమ్మినతను మమ్మల్ని కాణిపాకం తీసుకుపోయి, వినాయకుడి ఎదుట చెయ్యి చాపి, "ఈ బండి మింద ఇంతవరకూ మెకానిక్ చెయ్యి పడలేదప్పా" అన్నాడు. ఆ దేవుడి ముందు అబద్ధమాడే మొనగాడు మా జిల్లాలో పుట్టలేదు. నాయన మారుమాట లేకుండా కొనేశాడు.

తిరుపతి పొలిమేరలోనే కారు పొగలు కక్కి ఆగిపోయింది. దగ్గర్లోని మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ చిల్లికి బట్టల సబ్బు మెత్తి ఉంది. నీళ్ల గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టారు. ఫ్యాను బెల్టుకు బదులు చీర అంచుతో పేనిన తాడు వేలాడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"దేవుడి ముందరే అబద్ధం చెప్పినాడు సూడు నాయనా!" అని అరిచాను.

ఒట్టు సంగతి విని మెకానిక్ పగలబడి నవ్వాడు.

"అబద్ధం యాడుండాదబ్బా? మెకానిక్ అనేవాడు ముట్టుకున్న బండి ఇట్లుంటాదా?"