పదో వేలిదాకా లెక్కపెట్టించిన బైబిలమ్మ

బైబిలమ్మ పోయిందన్న కబురు గురువారం పొద్దున అంబలి తాగే వేళకు వచ్చింది. దేవరకొండ బస్సు దిగిన ఒకాయన మా వాకిట్లో నిలబడి చెప్పాడు. వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుందట. అట్లాగే ఒరిగిపోయిందట. నా పెండ్లాం కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాకూ కళ్ళ నీళ్ళు వచ్చాయి. కానీ ఈ పత్రిక చదివే అక్కలారా, అన్నలారా, ఉన్నమాట చెప్తున్నాను, ఏడుపు వెనకనే నా గుండె నిండా సంతోషం పొంగింది. అంతటి మనిషి మా చాప మీద కూర్చుంది, మా అంబలి తాగింది, మా బిడ్డ బతుకును నిలబెట్టి మరీ పోయింది. ఆ సంగతి చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కాదు.

ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. పల్లెల్లో ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పనిలో మిషను వాళ్ళు పెట్టుకున్నారు. దేవరకొండ చుట్టూ ఉన్న పల్లెలన్నీ కాలినడకనే తిరిగేది. అమ్రాబాదు అడవి అంచు దాకా కూడా పోయి వచ్చేది. వాన పడితే పుస్తకాన్ని కొంగులో చుట్టి కడుపుకు అదుముకొని, తను మాత్రం నిలువునా తడిసి వచ్చేది. ఎవరింటికి పోయినా పని ఆపనిచ్చేది కాదు. ఒక పిల్లను చదవమని, తను చేట ముందుకు లాక్కొని కొర్రల్లో రాళ్ళు ఏరేది. చదువుతుంటే ఆమె చెయ్యి ఆగిందంటే గట్టి చోటు వచ్చిందని మాకందరికీ తెలిసేది.

అట్లాంటి చోట ఆమె ఒక వేపాకు పెట్టేది. ఆమె పుస్తకం నిండా ఎండిన వేపాకులే. "అర్థంగాని కాడ ఆకు పెట్టు, అబద్ధం పెట్టకు" అనేది. కొన్నింటిని రెండేండ్లకు తీసేది, కొన్నింటిని పదేండ్లకు. తీసిన రోజు పండుగ చేసుకున్నట్టు ఊరంతా చెప్పుకుంటూ పోయేది.

నాకు అక్షరాలు వచ్చింది ఆమె చేతి మీదుగానే. అప్పటికి నాకు ముప్పై ఏండ్లు. కల్లంలో ఇసుక పోసి, నా వేలు పట్టుకొని దిద్దించింది. తప్పు రాస్తే తిట్టేది కాదు, ఇసుక చదును చేసి, "ఇగ ఇది పోయింది, మల్ల రాయి తమ్మీ" అనేది.

ఇక్కడ నా పుట్టుక సంగతి చెప్పాలి. మా అమ్మను చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఊరి దేవతకు ఇచ్చి జోగినిని చేశారు. ఆమెకు పెండ్లి లేదు, నాకు తండ్రి పేరు లేదు. మా వాడకు ఏడాదికో రెండేండ్లకో డక్కలివాళ్ళు వచ్చేవాళ్ళు. కిన్నెర మీటుతూ ప్రతి గడప ముందూ ఆ ఇంటి తాత ముత్తాతల పేర్లు వరసగా చెప్పడం వాళ్ళ వృత్తి. మా ఇంటి ముందుకు రాగానే కిన్నెర ఆగేది. మా అమ్మ పోసిన జొన్నలు తీసుకొని, చల్లగా ఉండమని చెప్పి, పక్క గడపకు పోయేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు. చెప్పడానికి పేరుండాలి కదా.

సువార్త మొదట్లో మా ప్రభువు తాత ముత్తాతల పేర్ల వరస ఒకటి ఉంటుంది. ఆయన ఈయనను కన్నాడు, ఈయన ఇంకొకాయనను కన్నాడు అంటూ పోతుంది. అది చదివిన ఆదివారం గుడిలో సగం మంది కునుకు తీసేవాళ్ళం. దేవుడు ఇంత జాగా ఈ పేర్లకు ఎందుకు ఇచ్చాడని ఒకసారి ఆమెను అడిగాను. చేటలో ఆమె చెయ్యి ఆగింది.

"డక్కలోల్లు నీ గడప దాటిపోతుంటే నీకెట్లుంటది తమ్మీ?"

నేను చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాను.

"గివి దాటిపోనోడు రాపిచ్చిన పేర్లు. గా పేర్లల్ల ఎవరెవరున్నరో జర నిమ్మళంగ చూడు" అంది. నేను చూడలేదు. సంసారం, కూలిపని, ఆ మాట అట్లాగే వదిలేశాను.

సాగరు కట్ట పని మొదలైన ఏడు మా బిడ్డ ఏడో తరగతి పాసయింది. బైబిలమ్మ వెంట తిరిగి తిరిగి, తనూ ఆ పనే చేస్తానంది. దానికి పాలమూరులో నేర్పే బడి ఒకటి ఉండేది. దరఖాస్తు మీద మా సంఘం పెద్దలు ఐదుగురు సంతకాలు పెట్టాలి. నలుగురు పెట్టారు. ఐదో ఆయన, అందరిలోకీ పెద్దాయన, కలం ముట్టుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు. కలరా వచ్చినప్పుడు ఎవరూ ముట్టని శవాలను మోసింది ఆయనే. ఆయన పాత నిబంధన తెరిచి ధర్మశాస్త్రంలో ఒక మాట చూపించాడు. పెండ్లి లేని పుట్టుక పుట్టినవాడు దేవుని సమాజంలో చేరకూడదని, పదో తరం దాకా చేరకూడదని అందులో ఉంది.

"బిడ్డ మీద నాకు కోపం లేదు. గిది నేను రాసింది గాదు. సంతకం పెడితే దేవుని మాట తొక్కినట్టయితది" అన్నాడు.

అంటే నేను మొదటి తరం, నా బిడ్డ రెండో తరం. ఇంటికి వచ్చి దరఖాస్తును దూలం సందులో పెట్టేశాను. నాలుగో రోజు మా బిడ్డ రోలు దగ్గర కూర్చొని, తల ఎత్తకుండానే అడిగింది.

"నాయినా, గా మాట నా గురించేనా?"

ఒక తండ్రిని బిడ్డ అడగకూడని మాట అది. లేచి, పక్క ఊర్లో ఉన్న బైబిలమ్మ దగ్గరికి నడిచాను. ఆమె అంతా విని, పుస్తకం తెరిచి ఆ చోటు చూపించింది. అక్కడ వేపాకు ఉంది, పట్టుకుంటే పొడి అయ్యేంత పాతది. పన్నెండేండ్ల నుంచి ఉందట. నా ఆశ అక్కడే పోయింది. ఆమె మాత్రం ఆదివారం వస్తానంది.

ఆదివారం ఆరాధన అయ్యాక బైబిలమ్మ ఎవరినీ లేవొద్దంది. మా అమ్మ ఎప్పటిలాగే బయట, చెప్పులు విడిచే చోట కూర్చుంది. ఆమెను లోపలికి రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"పెద్దయ్యా, నువ్వు చూపెట్టిన మాట ఆడ ఉన్నది. లేదనను" అని మొదలుపెట్టింది బైబిలమ్మ. తర్వాత మా బిడ్డను పిలిచి ఆ పేర్ల వరస చదవమంది. అందరినీ చేతులు ముందు పెట్టుకోమంది. "యూదా కోడలు తామారు. మామకు, కోడలికి పెండ్లి లేకుండ పుట్టినోడు పెరెసు. ఆనికి చిటికెన వేలు ముడువుండ్రి."

మా బిడ్డ ఒక్కో పేరే ఆగి ఆగి చదివింది. పెరెసు, ఎస్రోము, అరాము, అమ్మీనాదాబు. ఒక్కో పేరుకు గుడి మొత్తం ఒక్కో వేలు మడిచింది. నడుమ ఒక ముసలామె తన వేలు తప్పిందని, జర ఆగమని అంటే అందరూ నవ్వి, ఆమె కోసం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. నయస్సోను, శల్మాను, బోయజు, ఓబేదు, యెష్షయి. పదో వేలు మడిచేసరికి వచ్చిన పేరు దావీదు రాజుది. గుడి అంతా గుసగుసలు.

కానీ పెద్దాయన లెక్క తెలిసిన మనిషి. "అమ్మా, పదో తరం దాకా ఆగమన్నడు. పదోటోడు రాజయిండు. గట్లయితే ఆ మాట నిలిచినట్టే గద? గీ పిల్లది రెండో వేలే" అన్నాడు.

మా బిడ్డ పుస్తకం మూయబోయింది.

"మంచిగ అడిగినవ్ పెద్దయ్యా" అంది బైబిలమ్మ. "మూయకు బిడ్డా. ఐదో వేలు ఎవరిది?"

"నయస్సోనుది."

"అరణ్యంల దేవుని గుడారం లేపినప్పుడు, మొట్టమొదటి కానుక పట్టుకొని ముందల నిలబడ్డది ఎవరు? యూదా గోత్రానికి పెద్ద ఎవరు? నేను చెప్తే నేను చెప్పినట్టయితది. నువ్వే తీసి చూడు."

ఆయన పుటలు తిప్పాడు. వేలు పెట్టి ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు. అప్పుడు మెల్లగా ఆ పేరు పలికాడు.

"నయస్సోను."

"ఐదో వేలు లోపల నిలబడ్డది. అందరికంటె ముందల నిలబడ్డది. ఎవ్వరు బయటికి పొమ్మనలే" అంది బైబిలమ్మ. "గా మాట ఎందుకు రాసిండ్రో నాకు పూర్తిగ తెల్వదు. నా ఆకు ఇంక ఆడనే ఉంది. కాని రాపిచ్చినోడు ఆ మాటను ఎట్ల నడిపిచ్చిండో గీ పేర్లు చెప్తున్నయ్."

పెద్దాయన పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "నేను చదివింది తప్పు గాదమ్మా. సగమే చదివిన" అని కలం అడిగాడు.

సంతకం తడి ఆరకముందే బైబిలమ్మ గడప దాకా పోయి, మా అమ్మ చెయ్యి పట్టుకొని, "అక్కా, తామారు పేరు లోపలుంటే నువ్వు బయట కూసుంటివేంది?" అంది. మా అమ్మ లేచింది. గడప దాటుతూ, తన మోకాళ్ళు వంగవని, గోడ వార జాగా ఇవ్వమని గొణిగింది. ఆడవాళ్ళంతా జరిగి జరిగి ఎంత జాగా ఇచ్చారంటే, అక్కడ మూడు కుటుంబాలు పట్టేవి. ఆ సాయంత్రం మావాళ్ళు గడ్డి మంట వేసి, డప్పులు కాచి, ఊరు దద్దరిల్లేటట్టు వాయించారు. నేను ఆడాను. నా పెండ్లి నాడు కూడా అంతగా ఆడలేదు.

మా బిడ్డ పాలమూరు పోయి నేర్చుకొని వచ్చింది. ఇన్నేండ్లూ బైబిలమ్మ వెంట నడిచింది. ఇప్పుడు ఆ పల్లెలన్నీ తనే తిరుగుతోంది. మా అమ్మ కన్ను మూసేదాకా గోడ వారన ఆ జాగాలోనే కూర్చుంది. ఆ పాత ఆకు తీశావా అని పోయిన ఏడు బైబిలమ్మను అడిగాను. "తియ్యలే తమ్మీ. అర్థమైనకాడికి చాలు, మిగిలింది పైకి పొయ్యి అడుగుత" అని నవ్వింది. ఈపాటికి అడిగే ఉంటుంది. జవాబు సగం చెప్తే ఊరుకునే మనిషి కాదు.

గురువారం మధ్యాహ్నమే సమాధి చేశాం. పాదిరిగారు హైదరాబాదు పోయి ఉన్నారు, రావడానికి వీలుపడలేదు. వాక్యం ఎవరు చదవాలని అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే, ఆ పెద్దాయనే మా బిడ్డ వైపు చెయ్యి చూపించాడు. ఇప్పుడాయన బాగా ముసలివాడు, కర్ర లేకుండా నిలబడలేడు. పక్క చేలో జొన్న కొయ్యకాళ్ళ మీద ఎండ మండిపోతోంది. మా బిడ్డ గుంత ముందు నిలబడి పుస్తకం తెరిచింది. పెద్దాయన కర్రను పక్కవాడికి ఇచ్చి, తన గొడుగు విప్పి, వణికే చేతులు రెండింటితో మా బిడ్డ తల మీద పట్టాడు. బిడ్డ చదువుతున్నంతసేపూ, తన బట్టతల మీద ఎండ పడుతున్నా, ఆయన గొడుగును తన వైపు తిప్పుకోలేదు.