నాలుగు మగ్గుల ఇల్లు

వెండెలిన్ గురించి చెప్పమంటే మా ఊరు స్టైన్‌రీత్‌లో ఎవరైనా ముందు అతని బీరు గురించే చెబుతారు. నేను మాత్రం అతని మొండితనంతో మొదలుపెడతాను. ఇరవై రెండేళ్ళు అతని ఇంటి ముందుగదిలో మగ్గులు మోసినదాన్ని, ఆ హక్కు నాకుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. బలవంతుడే, కాదనను. ఆ బలం పెట్టుకుని ఏం సాధించాడో కూడా చెబుతాను.

మా ఊళ్ళో బీరు కాచే హక్కు మనిషిది కాదు, ఇంటిది. ఊరి మధ్యలో ఉమ్మడి బట్టీ ఉంది. హక్కున్న ఇళ్ళవాళ్ళు వంతులవారీగా అక్కడ కట్టెల మంట మీద పెద్ద రాగి కాగులో బార్లీ కషాయం కాచుకుంటారు. దాన్ని వెడల్పాటి తొట్టిలో చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున్నే ఎవరి నేలమాళిగకు వాళ్ళు చేర్చుకుని తోడు వేస్తారు. కొన్ని వారాలకు బీరు తయారవుతుంది. అప్పుడు ఇంటి ముందు కర్రకు ఆరు మొనల చెక్క నక్షత్రం వేలాడదీస్తారు. నక్షత్రం ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ఊరందరిదీ. ఎవరైనా రావచ్చు, ఖాళీ ఉన్నచోట ఇరుక్కుని కూర్చోవచ్చు, ముల్లంగి ముక్కలూ వెల్లుల్లి సాసేజూ నంజుకుంటూ పక్కవాడి సంసారంలో వేలు పెట్టవచ్చు. పీపా ఖాళీ అయ్యాక నక్షత్రం దిగుతుంది. ఇంకో ఇంటి వంతు వస్తుంది.

తోడు అంటే ఈస్ట్. పెరుగు తోడులాగే ఇదీ ఇల్లు మారుతూ బతకాలి. ఒక ఇంట్లో బీరు పొంగి అణిగాక అడుగున మిగిలిన తోడును, అప్పుడే కషాయం కాచుకున్న ఇంటికి ఇస్తారు. కొన్ని వారాల తర్వాత ఆ ఇంటి నుంచి మళ్ళీ వెనక్కి వస్తుంది. మా అమ్మమ్మ కాలంలో పద్నాలుగు ఇళ్ళ మధ్య తిరిగేదట. చివరికి రెండిళ్ళు మిగిలాయి. వీధికి ఈ పక్క వెండెలిన్, ఆ పక్క ఓట్మార్. ఒక గడప నుంచి ఇంకో గడపకు సరిగ్గా పదకొండు అడుగులు. ఇద్దరికంటే తక్కువైతే కుదరదు కూడా. రెండిళ్ళ కట్టెలు చేరనిదే బట్టీ వెలిగించకూడదని ఊరి పాత కట్టుబాటు.

ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. ఒకే బెంచీ మీద చదువుకున్నారు, చదివిందెంతో చెప్పను. పింగాణీ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే షిఫ్టు చేశారు. ఫ్యాక్టరీ మూతపడిన రోజు ఇద్దరూ ఒకే సైకిల్ మీద ఇంటికొచ్చారు, ఓట్మార్ తొక్కుతుంటే వెండెలిన్ వెనక కూర్చుని ఏడుస్తూ. ఆ సంగతి వెండెలిన్ భార్య క్రెసెంజ్ నాకు చెప్పింది. అతను మాత్రం కంట్లో దుమ్ము పడిందనేవాడు.

అలాంటి వాళ్ళను ఒక పుస్తకం విడదీసింది.

ఇరవై ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి వీపుకు సంచీ తగిలించుకుని వచ్చాడు. యూరప్‌లో బీరు కాచే ఊళ్ళన్నీ తిరిగి, తాగి, రాసుకుంటున్నానన్నాడు. ఆ వారం వెండెలిన్ నక్షత్రం ఉంది, తాగాడు. నెల తర్వాత మళ్ళీ వచ్చి ఓట్మార్ ఇంట్లో తాగాడు. "రెండింటిలో ఏది బాగుంటుంది?" అని కనిపించిన వాళ్ళనల్లా అడిగాడు. మాకది వింత ప్రశ్న. ఒకటే కాగు, ఒకటే నీళ్ళు, ఒకటే తోడు. ఎవరం జవాబు చెప్పలేదు. మరుసటి ఏడు అతని పుస్తకం వచ్చింది. అందులో బీరుకు మార్కుల బదులు మగ్గుల బొమ్మలు వేశాడు. వెండెలిన్‌కు మూడు మగ్గులు, ఓట్మార్‌కు నాలుగు.

ఆ పుస్తకం పట్టుకుని ఓట్మార్ మా ముందుగదిలోకి వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. గది కిటకిటలాడుతోంది.

"నీకు మూడేనటగా రా," అన్నాడు నవ్వుతూ.

"ఆ నాలుగోది నాదే," అన్నాడు వెండెలిన్. "నా తోడు వేసుకునేగా కాచావు!"

"తోడు నీదైతే ఏంటంట? నేలమాళిగ నాది, చేతులు నావి."

"ఆ చేతులకి కాగు కడగడం నేర్పిందెవడు?"

"నేర్పినోడికి మూడు, నేర్చుకున్నోడికి నాలుగు. దానికి నేనేం చెయ్యను!"

గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకు దాచడం. ఓట్మార్ మాట కాదు, ఆ నవ్వే వెండెలిన్‌ను కాల్చింది. చేతిలో మగ్గు బల్ల మీద పెట్టి, "బయటికి నడు," అన్నాడు. ఓట్మార్ ఇంకా వేళాకోళమే అనుకుని కూర్చున్నాడు. వెండెలిన్ అతని కుర్చీ వెనక్కి లాగి, వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు. నక్షత్రం వేలాడుతున్న ఇంట్లోంచి మనిషిని గెంటడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఓట్మార్ టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

అంతే. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఇద్దరి మధ్య మాట లేదు. కానీ తోడు లేకుండా ఇద్దరికీ గడవదు కదా. అందుకని ఒక తెల్లటి ఎనామిల్ బకెట్ పుట్టింది. ఓట్మార్ వంతు అయిపోయి వెండెలిన్ కాచుకున్న మర్నాడు, పొద్దున ఎనిమిది గంటల చర్చి గంట కొట్టేలోపల, మూతకు తెల్లగుడ్డ కట్టిన బకెట్ మా గడప మీద ఉండేది. పెట్టినవాడు కనబడడు. వీళ్ళ వంతు వచ్చినప్పుడు అదే బకెట్ అవతలి గడప మీదికి వెళ్ళేది. అడగడం లేదు, ఇవ్వనని అనడం లేదు. బకెట్ ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

తిట్టుకోవాలనిపిస్తే కుక్కనూ పిల్లినీ అడ్డం పెట్టుకునేవారు. "ఒరే వాల్దీ, నాలుగు మగ్గుల దొరగారు వస్తున్నారు, తోక ఊపరా!" అని వెండెలిన్ తన కుక్కతో గట్టిగా అనేవాడు. అవతలి కిటికీలోంచి ఓట్మార్ తన పిల్లికి చెప్పేవాడు: "మూడు మగ్గుల వాళ్ళ కుక్కలు ఇలాగే మొరుగుతాయమ్మా, నువ్వు పట్టించుకోకు." ఊరికి అదో వినోదం.

క్రెసెంజ్ చనిపోయిన వారం వచ్చిన బకెట్‌కు నల్లగుడ్డ కట్టి ఉంది. వెండెలిన్ దాన్ని విప్పి, ఉతికి, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు. "వెళ్ళి ఒక్క మాట చెప్పి రాకూడదా ముసలోడా," అన్నాను.

"ముందు వాణ్ణి రమ్మను."

"గెంటింది నువ్వు. ఆయనెందుకొస్తాడు?"

"అయితే రావొద్దను. నిన్నెవడడిగాడే బుర్గీ, మగ్గులు కడుగు."

పోయిన నవంబరులో వెండెలిన్ వంతు వచ్చింది. అతనికి డెబ్బై తొమ్మిది. ఇదే తన ఆఖరి కాపు అని అప్పటికే ఊరందరికీ చెప్పాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, బట్టీ పొగకు ఊపిరి ఆడటం లేదు. ఆ ఒక్కసారి నక్షత్రం వేలాడదీసి, పీపా ఖాళీ అయ్యాక దాన్ని తన చేత్తో దించి లోపల పెట్టుకోవాలని కోరిక. ఇంకోటి కూడా ఉందని నాకు తెలుసు. కాపుకు ముందే ఒకరోజు, నేను మగ్గులు తుడుస్తుంటే, ఓట్మార్ పాత మగ్గును, పంతొమ్మిదేళ్ళుగా పై అరలో బోర్లించి ఉన్నదాన్ని, కిందికి దింపించాడు. "ఇది కూడా కడుగు," అన్నాడు. ఎవరికోసమని నేను అడగలేదు. అడిగితే మళ్ళీ పైన పెట్టించేవాడు.

గురువారం ఓట్మార్ తన వాటా కట్టెలు బట్టీ దగ్గర పేర్చి వెళ్ళాడు. శుక్రవారం వెండెలిన్ కాచాడు. శనివారం పొద్దున కషాయం నేలమాళిగ తొట్టెల్లోకి చేరింది. ఎనిమిది గంటలు కొట్టారు. గడప మీద బకెట్ లేదు.

తొమ్మిదైంది, పదైంది. వెండెలిన్ ఇరవైసార్లు తలుపు తీసి చూశాడు.

"వెళ్ళి అడుగు," అన్నాను.

"పంతొమ్మిదేళ్ళలో అడిగానా?"

"పోనీ నేను వెళ్తాను."

"నువ్వు ఆ గడప తొక్కావంటే ఈ గడప తొక్కకు." మొహం ఎర్రబడిపోయింది. "నా ఆఖరి కాపని తెలిసే చేశాడు. వాడు కడుపులో దాచుకున్నాడే, ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. సమయం చూసి కొట్టాడు."

పట్నంలో పెద్ద బీరు కంపెనీ నుంచి తోడు తెప్పిద్దామన్నాను. కొన్న తోడుతో కాచిన బీరుకు తన ఇంటి మీద నక్షత్రం వేలాడదన్నాడు. తోడు పడని కషాయం రెండు రోజులకు మించి నిలవదని మాకిద్దరికీ తెలుసు.

ఆదివారం చర్చికి ఓట్మార్ రాలేదు. సిగ్గుపడి రాలేదనుకున్నాం. తిరిగొస్తూ అతని ఇంటి ముందు నుంచే నడిచాను. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. పిల్లి గుమ్మంలో కూర్చుని అరుస్తోంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆగి, మనవాళ్ళ నోటి దగ్గర కూడు తీసినవాడి తలుపు నేనెందుకు కొట్టాలి అనుకుని, కదిలిపోయాను. వెండెలిన్ మొండితనం గురించి ఇంత మాట్లాడుతున్నానే, నాకేమైంది? నాకు ఏ పుస్తకమూ మూడు మగ్గులు ఇవ్వలేదు కదా. ఇప్పటికీ ఆ పిల్లి గొంతు నా చెవుల్లో ఉంది.

సోమవారం పొద్దున నేలమాళిగ తలుపు తీయగానే పులిసిన కంపు కొట్టింది. వెండెలిన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. కషాయాన్ని చెంబులతో, బకెట్లతో పైకి మోసి, వీధి మధ్యలో, సరిగ్గా ఓట్మార్ కిటికీ ఎదురుగా పారబోశాడు. సాయం పట్టబోతే నెట్టేశాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో ఎన్నిసార్లు మెట్లెక్కి దిగాడో లెక్కపెట్టలేదు. వీధంతా పారింది. కిటికీ రెక్క కదలలేదు.

అప్పుడు అరిచాడు. కుక్కను అడ్డం పెట్టుకోకుండా, పేరు పెట్టి. "ఓట్మార్! చూశావట్రా? కడుపు నిండిందా?"

జవాబు లేదు. ఆ పదకొండు అడుగులూ నడిచి వెళ్ళి తలుపు తోశాడు. మా ఊళ్ళో తలుపులకు తాళాలు వెయ్యరు. తిట్టడానికే వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

ఓట్మార్ నేలమాళిగ మెట్ల అడుగున ఉన్నాడు. తుంటి విరిగింది. తోడు తీసుకుని పైకి వస్తూ జారాడు. బకెట్ మాత్రం పడలేదు. అతని పక్కనే కింది మెట్టు మీద నిటారుగా ఉంది, మూతకు గుడ్డ కట్టి. పడబోతూ దాన్ని అక్కడ పెట్టి ఉంటాడు, తర్వాత దాని మీద ఒక చెయ్యి వేసి ఉంచాడు. ఆ గుడ్డ తెల్లదీ కాదు, నల్లదీ కాదు. ఎర్రటి పూలున్న కొత్త గుడ్డ. మా ఊళ్ళో పెళ్ళికో పండక్కో పంపేవాటికి కట్టేది.

డాక్టరు వచ్చి చూసి, శనివారం తెల్లవారుజామున పడి ఉంటాడన్నాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు. ఆ రెండో మాట అతను చెప్పకపోతే బాగుండేది.

బకెట్‌లో తోడు బతికే ఉంది. వెండెలిన్ దాన్ని తెచ్చి నేలమాళిగలో పెట్టి రోజూ చల్లటి నీళ్ళు మారుస్తూ కూర్చున్నాడు. రెండో ఇల్లు లేదు కాబట్టి బట్టీ వెలగదు. ఓట్మార్ వాళ్ళన్న కూతురు ఇల్లు అమ్మకానికి పెట్టింది, ఆమె చేసిన మొట్టమొదటి పని తలుపుకు తాళం వేయించడం. మూడు వారాలకు తోడు గోధుమరంగుకు తిరిగింది, వాసన మారింది. ఒకరోజు బకెట్ కడిగి బోర్లించి ఉంది. వెండెలిన్ నన్ను చూసి, "అయిపోయిందే," అన్నాడు. పద్నాలుగు ఇళ్ళు తిరిగిన తోడు అలా పోయింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వెండెలిన్ ఇంటి ముందు బెంచీ మీద ఎండ కాచుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. డెన్మార్క్ నుంచి నలుగురు వచ్చారు, వీపులకు సంచులు. ప్రాగ్‌లో తాగారట, బాంబెర్గ్‌లో తాగారట, ఇక్కడి బీరు కోసం బస్సు మారి మరీ వచ్చారట. వాళ్ళ చేతిలో ఆ పుస్తకమే ఉంది, అంచులు నలిగిపోయి.

"ఈ వీధిలో రెండిళ్ళు ఉన్నాయటగా. ఏది బాగుంటుందండీ?" అని అడిగాడు అందులో ఒకతను.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. వెండెలిన్ వీధి అవతలికి చూశాడు.

"ఓట్మార్‌ది," అన్నాడు.

"నాలుగు మగ్గులని రాసింది అదేనా?"

"అదే. సరిగ్గానే రాశాడు. వాడి చెయ్యి మంచిది."

వాళ్ళు సంతోషంగా థాంక్స్ చెప్పి వీధి దాటారు. నేను పిలిచి చెప్పబోయాను. వెండెలిన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "కొట్టనీ," అన్నాడు. "ఎవరో ఒకళ్ళు కొట్టనీ."

వాళ్ళు తలుపు కొట్టారు. లోపల పెద్దాయన ఎవరో ఉండి ఉంటాడు, వినబడదేమో అనుకుని గట్టిగా కొట్టారు. వెండెలిన్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. వాళ్ళు చాలాసేపు కొట్టారు.